యాప్ మోషన్‌కి ఏ టూల్ కొనాలి? ఆఫీసు ఒక్క లైసెన్సే ఇస్తుందట

పిక్సెల్_పల్నాడు · సోమవారం రాత్రి 10:40

అందరికీ నమస్తే. బెంగళూరు హెచ్ఎస్ఆర్ లేఅవుట్‌లో ఒక పేమెంట్స్ యాప్ టీమ్‌లో డిజైనర్‌ని. ఇన్నాళ్లూ ఫిగ్మా అనే డిజైన్ టూల్‌లో స్క్రీన్లు గీసివ్వడమే నా పని. కొత్తగా వచ్చిన డిజైన్ హెడ్ "మన యాప్ మరీ బిగుసుకుపోయి ఉంది, కాస్త కదలిక తీసుకురా" అని ఆ పని నా నెత్తిన పెట్టారు. ఫైనాన్స్ వాళ్లేమో ఈ క్వార్టర్‌కి ఒక్క టూల్‌కే డబ్బులు అంటున్నారు.

చేయాల్సినవి ఇవి: డబ్బు పంపాక వచ్చే సక్సెస్ స్క్రీన్, కింది నుంచి లేచే బాటమ్ షీట్, లోడర్, ఖాళీ స్క్రీన్లలో చిన్న చిన్న బొమ్మలు, ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి ట్రాన్సిషన్లు. స్క్రీన్ల కోడ్ ఆండ్రాయిడ్ యాప్‌కి కంపోజ్‌లో ఉంది, ఐఫోన్‌ది స్విఫ్ట్‌యూఐలో. నాది 16 జీబీ ర్యామ్ ఉన్న విండోస్ ల్యాప్‌టాప్. యాప్ తెలుగు, కన్నడ, తమిళం, హిందీల్లో కూడా వస్తుంది.

మోషన్ టూల్స్‌లో ఆఫ్టర్ ఎఫెక్ట్స్ నేర్చుకోవాలా, రైవ్‌కి పోవాలా, ప్రోటోపై తీసుకోవాలా? యూట్యూబ్‌లో ఒక్కొక్కరిదీ ఒక్కో మాట. దయచేసి అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ఆఫ్టర్_ఆవకాయ · సోమవారం రాత్రి 11:05

ఇందులో ఆలోచించడానికేముందమ్మా, ఆఫ్టర్ ఎఫెక్ట్స్. 1993లో పుట్టిన సాఫ్ట్‌వేర్ ఇప్పటికీ మోషన్ వాళ్ల చేతుల్లో ఉందంటే ఊరికే కాదు. నేను హైదరాబాద్‌లో టీవీ ఛానెళ్లకి గ్రాఫిక్స్ చేసి బెంగళూరు వచ్చినవాణ్ణి. గ్రాఫ్ ఎడిటర్‌లో కర్వ్‌ని చేత్తో లాగి లాగి నేర్చుకున్న ఈజింగ్ (కదలిక ఎక్కడ వేగంగా, ఎక్కడ నెమ్మదిగా సాగాలన్నది) ఏ టూల్‌కి వెళ్లినా నీతోనే వస్తుంది.

యాప్‌లోకి పంపడానికి దారి కూడా ఉంది. బాడీమూవిన్ ప్లగిన్‌తో బొమ్మని జేసన్ అనే టెక్స్ట్ ఫైలుగా తీస్తావు, లాటీ అనే లైబ్రరీ దాన్ని ఫోన్‌లో ఆడిస్తుంది. ఎయిర్‌బీఎన్‌బీ వాళ్లు 2017లో లాటీని ఓపెన్‌సోర్స్‌గా వదిలినప్పటి నుంచి సగం ప్రపంచం ఇలాగే నడుస్తోంది. పేరు కూడా ఎవరిదనుకున్నావు? లాటె రైనిగర్ అని, నల్ల కాగితం కత్తిరించి నీడబొమ్మలతో సినిమాలు తీసిన జర్మన్ ఆవిడ. మన తోలుబొమ్మలాట వాళ్లకి దూరపు చుట్టమన్నమాట.

కంపోజ్_కోనసీమ · సోమవారం రాత్రి 11:30

నేను డిజైనర్‌ని కాదండి, వైట్‌ఫీల్డ్‌లో ఆండ్రాయిడ్ డెవలపర్‌ని. డిజైనర్లు పంపే ఫైళ్లు చివరికి మా దగ్గరికే కదా వచ్చేది, అందుకని మాట్లాడుతున్నాను.

పల్నాడు గారూ, మీరు రాసిన అయిదు పనులూ ఒక జాతివి కావు. సక్సెస్ స్క్రీన్, లోడర్, ఖాళీ స్క్రీన్ బొమ్మలు అనేవి గీసిన బొమ్మలు, వాటిని ఎవరో ఒకరు ఒక టూల్‌లో తయారు చేసి మాకు ఫైల్ ఇవ్వాలి. బాటమ్ షీట్, పేజీ ట్రాన్సిషన్లు అలా కాదు. వాటికి ఫైలంటూ ఉండదు, మేము కోడ్‌లో రాస్తాం. షీట్‌ని సగం దాకా లాగి యూజర్ వేలు ఆపేస్తే అది అక్కడే ఆగాలి. వదిలేస్తే ఏ వేగంతో విసిరాడో ఆ వేగంతోనే పైకో కిందికో పోవాలి. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో చేసిన షీట్‌కి వేలు ఎక్కడుందో ఏం తెలుస్తుంది? ఆండ్రాయిడ్‌లో ఇప్పుడు బ్యాక్ జెస్చర్ కూడా వేలితో పాటే నడుస్తుంది, పక్క నుంచి లాగుతుంటే వెనక పేజీ తొంగి చూస్తుంది, మనసు మార్చుకుంటే మళ్లీ సర్దుకుంటుంది.

కాబట్టి ఆ రెండింటికీ టూల్ కొనకండి. ఉన్న ఫిగ్మా చాలు. మాకు కావాల్సింది అందమైన వీడియో కాదు, నాలుగు అంకెలు.

బీటీఎం_బ్యాచిలర్ · సోమవారం రాత్రి 11:38

పీజీలో వైఫై కోసం టెర్రస్ ఎక్కి చదువుతున్నా. ఆ నాలుగు అంకెలేంటో చెప్పన్నా ముందు.

కంపోజ్_కోనసీమ · సోమవారం రాత్రి 11:59

కర్వ్ అయితే: ఏది కదలాలి, ఎంత సేపు, ఎంత ఆలస్యంగా మొదలవ్వాలి, ఏ ఈజింగ్. కంపోజ్‌లో ఎంత సేపో చెప్పకుండా ట్వీన్ (ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి కదలిక) రాస్తే 300 మిల్లీసెకన్లు పడుతుంది. మీ మనసులో 200 ఉంటే చెప్పాలి, లేకపోతే 300 వచ్చేస్తుంది. ఆ తర్వాత "డెవలపర్ నా డిజైన్ పాడుచేశాడు" అని మమ్మల్ని తిట్టడం.

స్ప్రింగ్ (లాగి వదిలిన స్ప్రింగులా ఊగి ఆగే కదలిక) అయితే గొడవ వేరు. ఒక్కో చోట ఒక్కో లెక్క. ఫిగ్మాలో స్టిఫ్‌నెస్ (బిగువు) 100, డ్యాంపింగ్ (ఊపుని తగ్గించేది) 15, మాస్ (బరువు) 1 పెట్టారనుకోండి. కంపోజ్ డ్యాంపింగ్ అడగదు, డ్యాంపింగ్ రేషియో అడుగుతుంది. స్టిఫ్‌నెస్‌ని మాస్‌తో గుణించి వర్గమూలం తీస్తే 10. దాన్ని రెట్టింపు చేస్తే 20. 15ని 20తో భాగిస్తే 0.75. అదే రేషియో, స్టిఫ్‌నెస్ మాత్రం అదే 100. (మాస్ 1 కాకపోతే స్టిఫ్‌నెస్‌ని మాస్‌తో భాగించి ఇవ్వాలి.) స్విఫ్ట్‌యూఐ వాళ్లు డ్యూరేషన్, బౌన్స్ అడుగుతారు. బౌన్స్ అంటే 1లోంచి 0.75 తీసేయండి, 0.25. డ్యూరేషన్ అంటే రెండు పైలని 10తో భాగించండి, సుమారు 0.63 సెకన్లు. ఈ అంకెలు ఫిగ్మా ఫైల్‌లో పక్కన రాసిపెట్టే డిజైనర్‌కి మా టీమ్‌లో బిర్యానీ ఫ్రీ.

పిక్సెల్_పల్నాడు · మంగళవారం ఉదయం 8:15

కోనసీమ గారూ, ఇది స్క్రీన్‌షాట్ తీసి దాచుకున్నాను. కానీ ఫిగ్మాలో స్మార్ట్ యానిమేట్ (రెండు ఫ్రేముల మధ్య తేడాని అదే కదిలించే సౌకర్యం) పెడితే కొన్నిసార్లు చక్కగా జరుగుతుంది, కొన్నిసార్లు పాతది మాయమై కొత్తది తేలుతుంది, అంతే. ఎందుకంటారు?

వరంగల్_వెక్టర్ · మంగళవారం ఉదయం 9:02

లేయర్ పేర్లు చూడమ్మా. స్మార్ట్ యానిమేట్ రెండు ఫ్రేముల్ల ఒకే పేరు, ఒకే వరుసల ఉన్న లేయర్లను జతచేస్తది. ఒకదాంట్ల "కార్డ్" అని, ఇంకోదాంట్ల "ఫ్రేమ్ 427" అని ఉంటే దానికి రెండూ వేరే మనుషులే. జత దొరకకపోతే డిజాల్వ్ చేసి చేతులు దులుపుకుంటది.

కోనసీమ తమ్ముడు చెప్పింది కరెక్టు. కానీ నువ్వు మొదట్ల రాసిన ఆఖరి ముక్కను ఎవరూ పట్టించుకోలే. నాలుగు భాషలు. దానికి సాయంత్రం రాస్త, మెట్రో వచ్చింది.

రైవ్_రాయలు · మంగళవారం ఉదయం 9:40

అందరూ లాటీ లాటీ అంటాండారు గానీ, సక్సెస్ స్క్రీన్‌కి లాటీ ఎట్ల సరిపోతుందో ఒక్కరు చెప్పండప్పా. డబ్బు పంపినాక ఏమైతుంది? సర్వర్ జవాబు ఎప్పుడొస్తుందో ఎవురికీ తెలీదు. అర సెకనులో రావచ్చు, ఇరవై సెకన్లు పట్టచ్చు. వచ్చినాక కూడా మూడు రకాలు: అయింది, కాలేదు, ఇంకా పెండింగు. అంటే తిరిగే చక్రం జవాబు వచ్చేదాకా తిరిగి, వచ్చిన చోట నుంచే టిక్కుగానో, ఇంటూ గుర్తుగానో, గడియారంగానో మారాల.

రైవ్‌లో స్టేట్ మెషీన్ అని ఉండాది. నాలుగు స్థితులు పెట్టి, మధ్య గీతలు గీసి, "జవాబు" అనే ఇన్‌పుట్ ఒకటి తగిలిస్తే చాలు, డెవలపర్ ఆ ఇన్‌పుట్ మార్చితే అదే మారుతుంది. డిజైనర్ ఎడిటర్‌లో ఏం చూసినాడో ఫోన్‌లోనూ అదే. భాషలు నేర్పే డ్యువోలింగో యాప్‌లో మాట్లాడే బొమ్మల నోళ్లు కదిలేది దీంతోనే. బ్రౌజర్‌లోనే నడుస్తుంది కాబట్టి నీ విండోస్ ల్యాప్‌టాప్ మీద బరువు పడదు. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ తెరిస్తే అడోబీ వాళ్లే కనీసం 16 జీబీ, బాగుండాలంటే 32 అంటారు. క్రోమ్ ట్యాబులు, మీటింగు కాల్ పెట్టుకుని 16తో చెయ్యి చూద్దాం.

ఆఫ్టర్_ఆవకాయ · మంగళవారం ఉదయం 10:10

రాయలూ, లాటీలో కూడా మార్కర్లు (ఫ్రేములకి పేరు పెట్టిన గుర్తులు) పెట్టుకోవచ్చయ్యా. ఫలానా ఫ్రేమ్ నుంచి ఫలానా ఫ్రేమ్ దాకా తిప్పు, జవాబు రాగానే ఇంకో ముక్క ఆడించు అని డెవలపర్ రాసుకుంటాడు. అదేదో రైవ్ కనిపెట్టిన విద్య కాదు.

రైవ్_రాయలు · మంగళవారం ఉదయం 10:16

రాసుకుంటాడు అన్నా. డెవలపర్ రాసుకుంటాడు. డిజైనర్ చేతిలో లేదు. నేను చెప్పేది అదే కదా. పైగా ముక్క అయిపోయేదాకా ఆగితే ఆలస్యం, ఆగకుంటే మధ్యలో గెంతుతుంది.

కంపోజ్_కోనసీమ · మంగళవారం మధ్యాహ్నం 1:20

ఇద్దరూ నిజమే చెబుతున్నారు. గెంతు పోవాలంటే చక్రం చిన్నదిగా చేయండి, ఒక్క చుట్టు 600 మిల్లీసెకన్లకి మించకుండా, మొదలైన చోటే ముగిసేలా. జవాబు వచ్చాక ఆ చుట్టు పూర్తి కానిచ్చి తర్వాతి ముక్కకి వెళ్తాం, అంత కొంచెం ఆలస్యం ఎవరికీ పట్టదు.

పల్నాడు గారికి నాదొక ప్రశ్న. మీ యాప్‌లో లాటీ లైబ్రరీ ఇప్పటికే ఉందా? ఇది మీ డెవలపర్లని అడగండి. రైవ్ పెట్టాలంటే దాని రన్‌టైమ్ (ఫైల్‌ని ఫోన్‌లో ఆడించే కోడ్) కొత్తగా కలపాలి, ఆండ్రాయిడ్‌లో అది నేటివ్ లైబ్రరీతో వస్తుంది, యాప్ సైజు పెరుగుతుంది. టూల్ ధర ఫైనాన్స్ వాళ్లు చూస్తారు, ఈ ధర ఎవరూ చూడరు.

డాష్‌బోర్డ్_దొర · మంగళవారం సాయంత్రం 5:45

ప్రోటోపై గురించి ఎవరూ అనలేదు కాబట్టి నేను అంటాను. నాది బండ్ల డాష్‌బోర్డు పని, మాకు అదే అన్నం పెడుతోంది. ఫోన్ వంచితే ఏమవ్వాలి, మాట వినిపిస్తే ఏమవ్వాలి, ఒక స్క్రీన్‌లో నొక్కితే ఇంకో స్క్రీన్‌లో ఏం మారాలి అన్నవన్నీ కోడ్ లేకుండా చూపించొచ్చు. కనెక్ట్ అనే దాంతో ఆర్డుయినో అనే చిన్న సర్క్యూట్ బోర్డుకి తగిలించి నిజం స్టీరింగ్ బటన్లతో యూజర్ల ముందు పెట్టాం. విండోస్‌లో నడుస్తుంది. ఇలాంటి టూల్సే అయిన ప్రిన్సిపుల్, ఒరిగామి రెండూ మ్యాక్‌కే కాబట్టి మీకు ఆ ఊసే వద్దు.

కానీ ప్రోటోపైలో చేసింది యాప్‌లోకి వెళ్లదు. చూపించి ఒప్పించడానికి, పరీక్షించడానికి మాత్రమే. పేమెంట్స్ యాప్‌కి ఉన్న ఒక్క లైసెన్సు దాని మీద పెట్టమని నేను చెప్పను.

ఇంకో మాట. టూల్ మీద మమకారం పెంచుకోకండి. ఇన్‌విజన్ అనే టూల్ లేనిదే డిజైన్ లేదనుకున్న రోజులున్నాయి, 2024 ఆఖరికి మూసేశారు. అడోబీ వాళ్ల డిజైన్ టూల్ ఎక్స్‌డీలో కొత్తగా ఏమీ రావడం లేదు. ఫ్రేమర్ ప్రోటోటైప్ టూల్‌గా మొదలై వెబ్‌సైట్లు కట్టే టూల్‌గా మారిపోయింది. మీ సోర్స్ ఫైలు ఎందులో ఉంది, రేపు ఆ కంపెనీ లేకపోతే బయటికి తీసుకోగలరా అన్నది చూసుకోండి.

బీటీఎం_బ్యాచిలర్ · మంగళవారం సాయంత్రం 6:30

డబ్బుల్లేని మాలాంటోళ్ల సంగతేంటి? ఫిగ్మా ఫ్రీ ప్లానే నా ఆస్తి.

డాష్‌బోర్డ్_దొర · మంగళవారం సాయంత్రం 6:52

వెబ్ వైపు వెళ్లేట్టయితే నీ అదృష్టం బాగుంది. వెబ్ యానిమేషన్ లైబ్రరీ జీశాప్‌ని వెబ్‌ఫ్లో కంపెనీ కొనేసి 2025లో దాని ప్లగిన్లతో సహా అందరికీ ఫ్రీ చేసింది. వెబ్ పేజీకి రూపం ఇచ్చే సీఎస్ఎస్ ఎలాగూ ఫ్రీయే. ట్రాన్స్‌ఫార్మ్ (జరపడం, తిప్పడం, సైజు మార్చడం), ఒపాసిటీ (పారదర్శకత) రెండింటితోనే ఎంత చేయగలవో చూడు. వెడల్పు, ఎత్తు, టాప్, లెఫ్ట్ కదిలిస్తే బ్రౌజర్ ప్రతి ఫ్రేముకీ పేజీ లెక్కంతా మళ్లీ కట్టుకోవాలి. 60 హెర్ట్జ్ తెర మీద ఒక్కో ఫ్రేముకి 16.7 మిల్లీసెకన్లు, 120 హెర్ట్జ్ అయితే 8.3. అందులో ఆ లెక్క పట్టకపోతే కుదుపు కనిపిస్తుంది. రైవ్ కూడా ఫ్రీగా తెరిచి నేర్చుకోవచ్చు, కానీ ఫైలు బయటికి తీయడం ఏ ప్లాన్‌లో ఉందో ముందు ధరల పేజీ చదువుకో.

వరంగల్_వెక్టర్ · మంగళవారం రాత్రి 9:25

ఇగ భాషల ముచ్చట. ఇది ఏ ఇంగ్లిష్ వీడియోల చెప్పరు, అందుకే కొంచెం పొడుగు రాస్త.

ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌ల తెలుగు టైపు చేస్తే వత్తులు విడిపోయి వస్తున్నయంటే ప్రిఫరెన్సెస్‌ల టైప్ అనే పేజీకి పోయి టెక్స్ట్ ఇంజన్ చూడాలె. అది లాటిన్ మీద ఉంటే గట్లనే ఉంటది. సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్ అని మార్చాలె. ఇక్కడిదాకా చాలా మందికి తెలుసు.

అసలు కష్టం తర్వాత. మా టీమ్‌ల ఒక పిల్లగాడు "చెల్లింపు పూర్తయింది" అని ఒక్కో అక్షరం ఎగిరొచ్చేటట్టు చేసిండు. ఇంగ్లిష్‌ల చూస్తే మస్తుగుంది. తెలుగుల "ల్లి" రాలే. ముందు ల వచ్చింది, తర్వాత ఇంకో ల వచ్చింది, గుడి ఎటో పోయింది. "ర్త" కూడ గంతే. ఎందుకంటే లాటీ ఎగుమతిల అక్షరాలను ఆకారాలుగ మార్చేటప్పుడు కోడ్‌కు ఒకటి చొప్పున విడగొడతది. మన లిపిల ల, పొల్లు, ల, గుడి నాలుగూ కలిస్తేనే "ల్లి". విడివిడిగ గీస్తే అది తెలుగు కాదు.

అందుకే మా దగ్గర రూలు పెట్టినం: యానిమేషన్ ఫైలుల అక్షరం ఉండొద్దు. టిక్కు, చక్రం, బొమ్మ ఫైలుల ఉంటయి. మాటలన్నీ యాప్ కోడ్‌ల, భాషను బట్టి మారుతయి. పైకి తేలుడు, మెల్లగ కనబడుడు గూడ కోడే చేస్తది, లైనును లైనుగనే కదిలిస్తది. ముక్కలు చేయాలంటే పదం పదంగ చెయ్యి, అక్షరం జోలికి పోకు. ఇట్ల చేస్తే నాలుగు భాషలకు ఒక్కటే ఫైలు. లేకుంటే భాషకొకటి, మాట మారినప్పుడల్ల నాలుగు ఎగుమతులు.

ఇంకోటి, తమిళం పొడుగైతది. ఇంగ్లిష్‌ల ఒక్క లైనున్నది తమిళంల రెండు లైన్లకు పోతది. టిక్కు కింద జాగ లెక్కేసుకో.

ఆఫ్టర్_ఆవకాయ · మంగళవారం రాత్రి 9:50

వెక్టర్ మేడమ్ చెప్పింది అక్షరాలా నిజం. పల్నాడూ, లాటీకి వెళ్తే మరికొన్ని గుర్తుపెట్టుకో. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో కనిపించేదంతా ఫోన్‌లోకి రాదు. ఎక్స్‌ప్రెషన్లు (కదలికని లెక్కకట్టే చిన్న కోడ్ ముక్కలు) వెబ్‌లో నడుస్తాయి, ఫోన్ ప్లేయర్లలో నడవవు, వాటిని కీఫ్రేములుగా (ఏ క్షణానికి బొమ్మ ఎలా ఉండాలో చెప్పే గుర్తులుగా) మార్చాలి. లేయర్ స్టైల్స్, గ్లో లాంటివి మర్చిపో. ఫొటోలు పెడితే జేసన్ బరువెక్కుతుంది. మొదటి రోజే ఒక చిన్న ముక్క ఎగుమతి చేసి ఫోన్‌లో ఆడించి చూడు, అంతా పూర్తయ్యాక కాదు.

కంపోజ్_కోనసీమ · మంగళవారం రాత్రి 10:05

మ్యాట్‌లు, మాస్క్‌లు (ఒక ఆకారం మేరకే బొమ్మని కనిపించనిచ్చేవి) కూడా తగ్గించండి. ఒక్కో మ్యాట్‌కి ఫోన్ పక్కన ఇంకో బఫర్‌లో గీసుకుని తెచ్చి అతికించాలి. ఖరీదైన ఫోన్‌లో తెలియదు. ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ మార్కెట్‌కి వెళ్లి చౌకలో దొరికే పాత ఆండ్రాయిడ్ ఫోన్ ఒకటి తెచ్చి మీ డెస్క్ మీద పెట్టుకోండి. మీ యాప్ వాడేవాళ్లలో ఎక్కువ మంది చేతుల్లో ఉండేది అలాంటిదే, మీ హెడ్ చేతిలో ఉండే ఐఫోన్ కాదు.

వరంగల్_వెక్టర్ · మంగళవారం రాత్రి 10:20

పనిలపని, చలనం తగ్గించే సెట్టింగు. మా అత్తమ్మకు తల తిరుగుడు రోగం ఉంది, స్క్రీన్ జూమయితే ఫోన్ పక్కకు పెట్టేస్తది. 2013ల ఐఓఎస్ 7 వచ్చినప్పుడు ఆ జూములకు కడుపుల తిప్పుతుందని జనం మొత్తుకుంటే యాపిల్ ఆ సెట్టింగును సరిచేసింది. ఆండ్రాయిడ్‌ల యానిమేషన్లు తీసేసే సెట్టింగున్నది, వెబ్‌ల అసొంటిదే ప్రిఫర్స్ రెడ్యూస్డ్ మోషన్ అని ఉన్నది. ఎవరైనా అది ఆన్ చేస్తే చక్రం బదులు ఏం చూపించాలె, టిక్కు ఏ ఫ్రేముల ఆగాలె అని డిజైనరే చెప్పాలె. ఖాళీ స్క్రీన్ బొమ్మ ఊకె ఊగుతుంటే అయిదు సెకన్లు దాటినంక ఆపే వీలుండాలని వెబ్ ప్రమాణాల్లనే ఉన్నది, ఎ స్థాయి, అంటే కనీస స్థాయి. చానా మంది మర్చిపోతరు.

రైవ్_రాయలు · మంగళవారం రాత్రి 10:31

రైవ్‌లో దానికి ఒక ఇన్‌పుట్ పెడితే సరి. (ఊరికే అన్నా, కొట్టొద్దండి.)

పిక్సెల్_పల్నాడు · గురువారం రాత్రి 9:10

రెండు రోజులుగా డెవలపర్ల వెంట పడ్డాను. లాటీ లైబ్రరీ రెండు యాప్‌లలోనూ ముందే ఉందట, ఎప్పుడో ఎవరో పండగ బ్యానర్ కోసం పెట్టి వదిలేశారు. రైవ్ అడిగితే పేమెంట్స్ యాప్‌లోకి కొత్త నేటివ్ లైబ్రరీ రావాలంటే సెక్యూరిటీ రివ్యూ ఉంటుంది, ఈ క్వార్టర్‌లో అవ్వదు అన్నారు. రాయలు గారూ, నాకు మనసులో రైవే ఉంది, కానీ ఇప్పుడు కుదరదు. వచ్చే రివ్యూకి పేరు మాత్రం రాయించి పెట్టాను.

అందుకని లైసెన్సు ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌కి అడుగుతున్నాను, దాంతో పాటు ఇంకో 16 జీబీ ర్యామ్. ర్యామ్ ఐటీ బడ్జెట్‌లోది కాబట్టి ఫైనాన్స్ వాళ్లు దాన్ని టూల్‌గా లెక్కపెట్టరట! బాటమ్ షీట్‌నీ ట్రాన్సిషన్లనీ టూల్ జాబితాలోంచి కొట్టేశాను. ఫిగ్మాలో అంకెలు రాసి ఇచ్చేస్తా.

మా ఐఓఎస్ అబ్బాయికి 0.63, 0.25 ఇస్తే కళ్లు పెద్దవి చేసి చూశాడు.

ఆఫ్టర్_ఆవకాయ · గురువారం రాత్రి 9:18

నేను సోమవారమే చెప్పాను.

కంపోజ్_కోనసీమ · గురువారం రాత్రి 9:21

మీరు చెప్పిన కారణం వేరు గురువుగారూ.

పిక్సెల్_పల్నాడు · గురువారం రాత్రి 9:30

ఒక్క సందేహం మిగిలింది. సక్సెస్ స్క్రీన్ మూడు ఫైళ్లుగా ఇవ్వాలా, ఒకే ఫైలులో మార్కర్లు పెట్టాలా? మార్కర్ల పేర్లు ఎలా ఉంటే మీకు సులువు?

కంపోజ్_కోనసీమ · గురువారం రాత్రి 9:52

ఒకే ఫైలు. నాలుగు మార్కర్లు: లోడింగ్, సక్సెస్, ఫెయిల్డ్, పెండింగ్. ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో, ఖాళీలు లేకుండా, రెండు ప్లాట్‌ఫామ్‌లకీ అవే పేర్లు. ప్రతి మార్కర్‌కీ డ్యూరేషన్ పెట్టడం మర్చిపోవద్దు, ఉత్త గీత పెట్టి వదిలేస్తే ఎక్కడ ఆగాలో మాకు తెలియదు. పెండింగ్ ముక్క మాత్రం తిరుగుతూ ఉండకూడదు, గడియారం దగ్గర ఆగిపోవాలి. తిరుగుతుంటే జనం ఇంకా ఏదో జరుగుతోందనుకుని స్క్రీన్ మీదే కూర్చుంటారు, లేదంటే మళ్లీ ఒకసారి డబ్బు పంపేస్తారు.